కష్టం ఎవరిదని అడిగిన సారు

మా ఇంగ్లీషు సారు పోయినాడని పోయిన గురువారం నంద్యాల నుంచి ఫోనొచ్చింది. చేసింది సారు భార్య. పొద్దున్నే కాఫీ తాగి, పేపరు చేతిలో పట్టుకొని కుర్చీలో కూర్చున్న మనిషి అట్లే పక్కకు వాలిపోయినాడంట. ఎవరికీ ఆసుపత్రికి పరిగెత్తే పని గూడా పెట్టలేదంట. "నీకు చెప్పాలనిపిచ్చిందమ్మా. మీ నాయనకు గూడా చెప్పు" అనింది.

ఒక మాట నిజంగా చెప్తా, తప్పుగా అనుకోవద్దండి. ఫోను పెట్టేసినంక నాకు ముందు ఏడుపు రాలే. "అబ్బ, చెప్పేసినాంలే" అనిపించింది. ఏడుపు మధ్యాహ్నం అన్నం కాడ కూర్చున్నప్పుడు వచ్చింది, అది వేరే సంగతి. ఇదే ఫోను ఆరు నెలల ముందు వచ్చింటే నేనేమైపోయింటినో నాకే తెలీదు. ఎందుకో చెప్పాలంటే సారు మాకు చెప్పిన పాఠం కాడ నుంచి మొదలుపెట్టాల.

సారుది నంద్యాల. రోజూ బస్సులో ఆళ్లగడ్డకు వచ్చి, మా హైస్కూల్లో పాఠాలు చెప్పి, సాయంత్రం మళ్లా బస్సెక్కి పోతాండె. సన్నగా, పొడుగ్గా ఉండేటోడు. చొక్కా జేబులో సుద్దముక్కలేసుకుంటాండె, అందుకే ఆ జేబు ఎప్పుడూ తెల్లగా ఉండేది. ఇంటర్వెల్లో గేటు కాడ బొరుగుల ఉగ్గాని, బజ్జి తిని, అది కట్టిచ్చిన న్యూస్‌పేపరు ముక్కను పారేయకుండా మడిచి క్లాసుకు తెస్తాండె. దాంట్లో పనికొచ్చే వార్త ఉంటే ఆ పొద్దు అదే పాఠం. నూనె మరకల మధ్యలో అక్షరాలు ఎతుక్కుంటా మేము నవ్వి చస్తాంటిమి. ఆయనకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

పదో తరగతి ఇంగ్లీషు పరీక్షలో ఒక పేరా ఇస్తారు, చదివి జవాబులు రాయాల. ఆ పేరాల్లో చానా వాటికి ఒకటే వరస. ముందు ఒక సమస్య ఉంటాది, దానికి కారణం ఉంటాది, చివర్లో పరిష్కారం ఉంటాది. మేమేం చేస్తాంటిమంటే, 'షుడ్' అనో 'మస్ట్' అనో యాడుందో చూసి, ఆ వాక్యాన్ని ఎత్తి జవాబులో పడేస్తాంటిమి. పరిష్కారం దొరికిపాయె, పని ఐపాయె. అది చూస్తే సారుకు ఒళ్లు మండేది.

"మందు తర్వాత. ముందు నొప్పి యాడుందో చూపీ" అనేటోడు.

ఆయనకు ఒక పద్ధతుండె. పేరా ఇచ్చినాడంటే, కింది సగాన్ని అరచేత్తో మూసేయాల. పరిష్కారం కంటికి కనపడగూడదు. బోర్డు మీద మూడు ప్రశ్నలు తెలుగులోనే రాసేటోడు. ఎవరికి కష్టం? ఏందా కష్టం? చెప్పిన ఉపాయం ఆ కష్టానికి తగుల్తాందా? మొదటి రెండిటికి జవాబు చెప్పినంకనే చెయ్యి తీయాల. ఇంగ్లీషు పీరియడులో తెలుగేందని హెడ్‌మాస్టరు అడిగితే, కష్టాన్ని తెలుగులో పట్టుకుంటే ఇంగ్లీషులో అదే చేతికొస్తాది అని చెప్పి పంపించినాడు.

ఒకసారి ఊర్లో గోడ మీద ఉండే మాటలను చూసి రాసుకోనొచ్చి, క్లాసు బోర్డు మీద రాసినాడు. ఈడ చెత్త వేయరాదు, వేసినోళ్లకు జరిమానా. మేమంతా ఒకటే గొంతుతో చెప్పినాము, సమస్య చెత్త, పరిష్కారం జరిమానా అని. సారు ఊరుకోలే. ఎవరికి కష్టం, ఎవరికి కష్టం అని అడుగుతానే ఉన్నాడు. ఆఖరికి వెనక బెంచీలో ఎప్పుడూ నోరు తెరవని పిల్ల లేచి, మా వీధిలో చెత్తకుండీ ఎత్తేసినారు సార్, యాడేయాలో తెలీక ఆడేస్తాండాం అనింది. సారు సుద్దముక్క తీసి ఆ పిల్ల చేతికిచ్చినాడు. ఆ పిల్ల బోర్డు తుడిచి, సమస్య చెత్త కాదు, కుండీ లేకపోయేది అని మళ్లీ రాసింది. "కష్టం పేరు తప్పు రాస్తే, ఉపాయం ఎంత మంచిదైనా పక్కింటికి పోతాది" అని ఆ పొద్దే అన్నాడు. ఇప్పుడు నేను టీచరునై నా క్లాసులో వారానికి ఒకసారన్నా ఆ మాట అంటాంటా.

ఇంక మా ఇంటి సంగతి. మా నాయన టైలరు. బజారు వీధిలో చిన్న అంగడి. మేము ముస్లింలమే గానీ ఇంట్లో మాట్లాడేది తెలుగే. రంజాన్ వచ్చిందంటే మా అంగట్లో కాలు పెట్టే సందుండదు. నేను పదో తరగతికొచ్చిన ఏడు రంజాన్ వానాకాలంలో, బడి తెరిచిన కొత్తల్లో వచ్చింది. ఒకపక్క పండగ బట్టలు, ఇంకోపక్క స్కూలు బట్టలు. రోజూ బడి వదిలినంక నేను అంగడికి పోయి నాయనకు సాయం చేస్తాంటి. సూదిలో దారం ఎక్కిచ్చేది, టేపు మీద అంకె చదివి పుస్తకంలో రాసేది, ఆయన వేలు పెట్టిన కాడ సుద్దతో గీత గీసేది నా పని.

ఆ ఏడే నాయన చెప్పేసినాడు, పదితో చదువు చాలని. ఎందుకంటే చెప్పడు. అడిగితే కసురుకుంటాడు. నేను అన్నం మీద అలిగినా, మాట్లాడ్డం మానేసినా, ఏమీ పన్జేయలే.

అప్పుడే సారు మాకొక పని ఇచ్చినాడు. మీ ఇంట్లో ఉండే ఒక కష్టం, దాని ఉపాయం, ఒక పేజీ రాసుకోని రండి, ఇంట్లో అడిగి రాయండి అన్నాడు. నేను ఎవరినీ అడగలే. కోపంగా కూర్చొని రాసినా. సమస్య ఏమంటే మా నాయన నన్ను చదివించడు. పరిష్కారం ఏమంటే సార్లు వచ్చి ఆయనకు బుద్ధి చెప్పాల. సారు దాన్ని చదివి పక్కన ఒకే లైను రాసిచ్చినాడు. "ఇది నీ కష్టం. మీ నాయన కష్టం యాడ?"

నాకు చిర్రెత్తింది. ఆయనకేం కష్టం, కష్టం నాకు గదా అనుకున్నా. అయినా ఆ సాయంత్రం అంగట్లో నా కన్ను నాయన మీదే ఉండె. చూస్తే, నేను వచ్చేదాకా సన్న పనంతా పక్కన పెట్టేసినాడు. ఎవరన్నా తొందర పెడితే "పాప రానీ" అంటాండాడు. గుడ్డ అంచును కంటితో చూడకుండా బొటనవేలితో తడుముతాండాడు. నాకు అనుమానమొచ్చింది. టేపు మీద ముప్పైయారు ఉంటే కావాలని ముప్పైనాలుగు అన్నా. టేపు ఆయన కండ్ల ముందరే ఉంది. "ముప్పైనాలుగు, రాసుకో" అన్నాడు. మళ్లా నేనే తప్పు చదివినానని చెప్పి దిద్దినా.

ఆయనకు దగ్గర చూపు పోతాంది. చూపు సరిగా లేని టైలరుకు ఎవరు గుడ్డ ఇస్తారు? అందుకే ఎవరికీ చెప్పలే, మా అమ్మకు గూడా. నేను కాలేజీకి నంద్యాల పోతే ఆయనకు కండ్లుండవు. చదువు వద్దనడానికి కారణం అదీ.

ఆ దినమే మళ్లీ రాసినా. కష్టం నాది కాదు, మా నాయనది అని మొదలుపెట్టి, చూసిందంతా రాసి, నా చదువు ఆపేది ఉపాయం కాదు, డాక్టరుకు కండ్లు చూపిచ్చుకునేది ఉపాయం అని ముగించినా. సారు దాన్ని నిలబడే చదివినాడు. రెండుసార్లు చదివినాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలే. తర్వాత నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగినాడు, "ఇది మీ నాయనకు చూపిచ్చినావా? క్లాసులో చదవొచ్చునా?" అని.

"చూపిచ్చినా సార్. చదవమన్నాడు" అన్నా.

పచ్చి అబద్ధం. ఎందుకు చెప్పినావంటే, శనివారం ఆఖరి పీరియడులో మంచి పేపరు ఒకటి సారు గట్టిగా చదివి వినిపిస్తాండె. నాది ఒక్కసారి గూడా చదివింది లేదు. ఆశపడినా, అంతే.

చదివినాడు. పేరు చెప్పలే గానీ, మా క్లాసులో టైలరు కూతురు నేనొక్కదాన్నే. రెండో లైనుకే అందరి తలకాయలూ నా దిక్కు తిరిగినాయి. ఆ పిల్లోళ్ల స్కూలు బట్టలన్నీ మా నాయన అంగట్లోనే ఉండాయని సారుకు తట్టలే. నాకూ తట్టలే.

రెండు దినాలకు కిరాణా అంగడామె వచ్చి, పండగైనంక కుట్టిచ్చుకుంటాంలే అన్నా అని ఇచ్చిన గుడ్డలు ఎనక్కి తీసుకుంది. ఆ తర్వాత ఇంకొకరు. మూడో మనిషి మొహమాటం లేకుండా అడిగేసినాడు, నీకు కండ్లు కనపడవంట గదా అని. పండగ ముందర మా అంగట్లో బీరువా సగం ఖాళీ అయిపాయె. నాయన నన్ను పిలిచి ఏం జరిగిందని అడిగినాడు. సారు రాయమన్నాడు, సారే చదివినాడు అన్నా. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అయినా అంతకంటే పెద్ద మోసం నేను ఇంతవరకూ చేయలే.

ఎవరో చెప్పినట్టుంది, సాయంత్రం సారే అంగడికొచ్చినాడు. నేను వెనక కాజాలు కుడతాంటి. నాయన లేచి నిలబడి, బజారు బజారంతా వినేటట్టు అన్నాడు.

"సారూ, నా బిడ్డకు చదువు చెప్పమని పంపినా. నా కండ్లు తీస్కపోయి బజార్లో పెట్టమని కాదు."

సారు ఒక్కసారి నా దిక్కు చూసినాడు. ఆయనకు అంతా అర్థమైపోయిందని నాకు తెలిసిపాయె. ఇప్పుడు చెప్తాడు, మీ పాపే సరేనన్నది అని చెప్తాడు, నాయన నా వీపు పగలగొడతాడు అనుకున్నా. సారు చెప్పలే. "తప్పైపోయిందప్పా" అన్నాడు. దండం పెట్టి ఎళ్లిపోయినాడు.

ఆ ఏడంతా సారు నన్ను పల్లెత్తు మాట అనలే. వేరే పిల్లోళ్లతో ఎట్లుండెనో నాతోనూ అట్లే ఉండె. శనివారం పేపర్లు చదివేది మాత్రం మానేసినాడు. బస్టాండుకు మా వీధిలో పోయేది వదిలేసి, చుట్టు తిరిగి పోతాండె. నాకు నిజం ఒప్పుకోవాలనే ఉండె. రోజూ అనుకుంటాంటి, రోజూ భయపడతాంటి. ఇంటి మాట సారుతో ఎత్తితే కాళ్లిరగ్గొడతానని నాయన ఒకపక్క.

మా అమ్మ మాత్రం వదల్లే. ఊరందరికీ తెలిసిపాయె, ఇంక దాచేదానికి ఏముంది, పా నంద్యాలకు అని ఆ చలికాలమంతా పోరింది. ఆఖరికి నా పరీక్షలైనంక ఎండాకాలంలో నాయన ఒప్పుకున్నాడు. కంట్లో పొర ముదిరిందంట. నంద్యాలలో ఆపరేషన్ చేసినారు. కట్టు విప్పిన పొద్దు నాయన నన్ను దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకొని, "ఈ మచ్చ ఎప్పుడైంది పాపా?" అన్నాడు. అది రెండేండ్ల కిందటి మచ్చ. నేను ఏడిస్తే ఆయన వేరే దిక్కు చూసి, కాలేజీలో ఎప్పుడు చేరాలో కనుక్కో అన్నాడు. చదువు గురించి అంతకుమించి ఒక్క మాట లేదు. గిరాకీ మెల్లమెల్లగా మళ్లీ వచ్చింది. కుట్టు బాగుంటే జనం ఎన్నాళ్లు దూరముంటారు?

ఈ సంతోషం సారుకు చెప్పేవాళ్లే లేకపోయిరి. బడి తెరిచేసరికి ఆయన యాడో శ్రీశైలం కాడుండే సున్నిపెంటకు బదిలీ అయిపోయినాడు. కావాలని తనే అడిగి పోయినాడన్నారు. ఉత్తరం రాద్దామని రెండుసార్లు కూర్చున్నా. చించేసినా. తర్వాత కాలేజీ, బీఈడీ, ఉద్యోగం, పెండ్లి. పిరికిదానికి సాకులకేం కొదవ?

ఆరు నెలల కింద నంద్యాలలో మా ఇంగ్లీషు టీచర్లకు ట్రైనింగు పెట్టినారు. పిల్లోళ్లతో పేరాల్లో సమస్య, పరిష్కారం ఎట్ల పట్టించాలనేదే ఆ పొద్దు మాట. నేను అరచెయ్యి మూసే పద్ధతి చెప్పినా. పక్కనున్న టీచరు ఆశ్చర్యపోయి, ఇది మా సున్నిపెంట సారు పద్ధతి గదా అనింది. ఆమె ఆయనతో కలిసి పనిచేసిందంట. ఇంకొకటి గూడా చెప్పింది. పిల్లోళ్లు ఇంటి గురించి ఏం రాసినా, సారు ఆ ఇంటికి తనే నడిచిపోయి పెద్దోళ్లను అడక్కుండా ఎవరికీ చూపిచ్చేటోడు కాదంట. అంత అవసరమా అని కొత్త టీచర్లు నవ్వితే, "ఆళ్లగడ్డలో ఒక టైలరు నోటికాడ కూడు తీసినా నేను" అనేటోడంట. నేను అబద్ధం చెప్పినానని మాత్రం వాళ్లతో గూడా అన్నట్టు లేదు. రిటైరై నంద్యాలలోనే ఉన్నాడని, గుండె బాగలేదని కూడా ఆమే చెప్పింది.

నేను ఆ పొద్దు అన్నం తినలే. ఇన్నేండ్లూ మా కుటుంబం అన్యాయమైపోయిందనే ఆయన అనుకుంటాండాడు. ఆయన ఆ మాటతోనే పోతే? ఆళ్లగడ్డలో బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా నాయన అంగడికి పోయినా.

"నాయనా, ఆ పొద్దు సారు నన్ను అడిగినాడు, నీకు చూపిచ్చినావా అని. చూపిచ్చినా అని అబద్ధం చెప్పింది నేను."

నాయన కత్తెర కింద పెట్టినాడు. ఆ మనిషి ఇదే గడప కాడ నిలబడి ఆ మాట ఎందుకు చెప్పలేదని అడిగినాడు. నువ్వు నన్ను కొడతావని అన్నా.

"కొట్టింటి" అన్నాడు నాయన.

మర్నాడు పెండ్లి బట్టలు ఇయ్యాల్సింది. ఆ పెండ్లోళ్లకు ఫోను చేసి, రేపు కాదు ఎల్లుండి రాపొండి అని చెప్పి, పొద్దున్నే అంగడికి తాళమేసినాడు. ఇద్దరం నంద్యాల బస్సెక్కినాము. దారిలో శిరివెళ్ల దాటినంక గూడా నాకు, సారు మమ్మల్ని లోపలికి రానిస్తాడా అనే భయమే.

సారు వరండాలో కుర్చీలో ఉన్నాడు. చిక్కిపోయినాడు. నన్ను గుర్తుపట్టలే గానీ, నాయనను చూసిన వెంటనే లేవబోయినాడు. కాళ్లు సహకరించలే. నేను ఆయన ముందర కింద కూర్చొని, రాసి పెట్టుకున్న మాటలన్నీ మర్చిపోయి, ఏడుస్తా చెప్పేసినా. సారు నా తల మీద చెయ్యి పెట్టి, ఆ పొద్దే తెలుసులేమ్మా అన్నాడు. పదైదేండ్ల పిల్ల అవునంటే నమ్మేసినా, నడిచిపోయి మీ నాయనను అడిగింటే పది నిమిషాల పని, అది నేను చేయలే అన్నాడు.

అప్పుడు నాయన నోరు తెరిచినాడు.

"సారూ, మీరు ఆ కాగితం చదవకుంటే నేను ఈ పొద్దుకు గూడా పాప కండ్లతోనే కుడతాంటి. నా కండ్లు నాకొచ్చినాయి, పాప కండ్లు పాపకొచ్చినాయి. పాప మీ మాదిరే ఇంగ్లీషు టీచరైంది."

అయినా నేను చేసింది తప్పేనప్పా అన్నాడు సారు.

"తప్పే. నేను కాదన్నానా?" అన్నాడు నాయన. "తప్పు తప్పే, మేలు మేలే. రెండూ మీవే."

సారు నవ్వినాడు. నవ్వుతానే కండ్లు తుడుచుకున్నాడు. ఎవరికి కష్టమని పిల్లోళ్లందరినీ అడిగినోడిని, ఇన్నేండ్లలో నీ దగ్గరికొచ్చి నీకింకా కష్టముందా అని అడగలేకపోతినప్పా అన్నాడు. సారు భార్య కాఫీ తెచ్చి, ఈ మనిషి నవ్వి ఎన్నాళ్లైందో అనింది. నాయన ఆ మాట వినిపించుకోకుండా మెడలో టేపు తీసి, లేయండి సారూ, చొక్కా వదులైపోయింది, కొలతలిస్తే కొత్తది కుడతా అన్నాడు. నేను ఒకపక్క పట్టుకుంటే సారు లేచి నిలబడినాడు. అంకెలు నాయనే చదివినాడు, అద్దాలు లేకుండా, కావాలని గట్టిగా.

చొక్కా తెచ్చిస్తామంటే సారు ఒప్పుకోలే. ఒంట్లో కాస్త బాగైనంక తనే బస్సెక్కి ఆళ్లగడ్డకు వచ్చినాడు. నేను బడి నుంచి పోయేసరికి, బజారందరికీ కనపడేటట్టు, మా అంగడి ముందర కుర్చీలో కూర్చోనుండాడు. కొత్త చొక్కా తొడుక్కోనే ఉన్నాడు. కూర్చున్నోడు కూర్చున్నట్టే నిద్రపోయినాడు, నోరు కొంచెం తెరుచుకొని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకొని. సారు పోయినాడని విన్న కాడ నుంచి నాకు కనపడేది ఆ సాయంత్రమే. నాయన మిషను ఆపేసి, సప్పుడు కాకుండా గుండీలు కుడతా కూర్చున్నాడు. ఎవరో గిరాకీ వచ్చి నా గుడ్డలేమాయెనని గట్టిగా అడిగితే, నాయన తల ఎత్తకుండానే నోటి మీద వేలు పెట్టి చూపించినాడు.